చెయ్యి మర్చిపోని దేశం

అమ్మాయికి,

ఆశీస్సులు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడిన పోలిష్ పైలట్ మీద నువ్వు రాస్తున్న నవలలో, పంపిన మూడు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. కాబట్టి కాస్త ఓపిక పట్టు.

విమాన యుద్ధాలు బాగా రాశావు. అవే ఎక్కువయ్యాయి. అరవై పేజీల్లో పదకొండు జర్మన్ విమానాలు కూలాయి, లెక్కపెట్టాను. అయిదోదాని దగ్గర నాకు ఆవలింత వచ్చింది. బ్రిటిష్ వైమానిక దళంలో పోలిష్ పైలట్ల దళమైన 303వ స్క్వాడ్రన్ 126 విమానాల్ని కూల్చిందన్న అంకెను మూడుచోట్ల వాడావు. అది వాళ్లు అప్పట్లో చెప్పుకున్న లెక్క. గందరగోళంలో ఒకే విమానాన్ని ఇద్దరు కాల్చి, ఇద్దరూ తమదేననుకోవడం అన్ని దేశాల పైలట్లకీ మామూలే. తర్వాతి పరిశోధకులు ఆ అంకెను బాగా తగ్గించారు. నీ హీరో ఆ లెక్క నమ్మొచ్చు, నువ్వు నమ్మకూడదు.

అసలు ఫిర్యాదు వేరే ఉంది. కుర్రాణ్ణి వార్సా నుంచి లండన్‌కి ఒక్క పేరాలో చేర్చేశావు! 1939 సెప్టెంబర్ 17న తూర్పు నుంచి సోవియట్ సేనలు కూడా దిగాక, పైలట్లను సరిహద్దు దాటి రుమేనియా వెళ్లిపొమ్మన్నారు. అక్కడ నిర్బంధ శిబిరాలు. దొంగ కాగితాలతో తప్పించుకుని, నల్లసముద్రంలో ఓడెక్కి, ఎలాగో ఫ్రాన్స్ చేరితే 1940 జూన్‌లో ఫ్రాన్సే పడిపోయింది. ఇక మిగిలింది బ్రిటన్. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'ఆఖరి ఆశల ద్వీపం'. విమానం నడపడం తప్ప వేరే పని రానివాడు పది నెలలు ఎక్కువగా నేలమీదే ఉన్నాడు. నీ రెండో అధ్యాయం ఇదే కావాలి.

ఇంకొకటి. మేం ఇల్లు మారిన ఆర్నెల్ల దాకా చీకట్లో నా చెయ్యి పాత ఇంటి స్విచ్‌బోర్డు వైపే పోయేది. బుర్ర మారిపోయింది, చెయ్యి మారలేదు. ఈ పైలట్లది అదే అవస్థ, కాకపోతే ప్రాణాల మీదికొచ్చేది. వాళ్లు అలవాటుపడ్డ విమానాల్లో వేగం పెంచాలంటే థ్రాటిల్ మీటని వెనక్కి లాగాలి, బ్రిటిష్ యుద్ధవిమానం హరికేన్‌లో ముందుకు తొయ్యాలి. స్వదేశంలో నడిపిన పీ-11 విమానానికి చక్రాలు ఎప్పుడూ కిందే ఉండేవి. ఇక్కడ లోపలికి ముడుచుకుంటాయి, దిగేముందు గుర్తుపెట్టుకుని దించాలి. మర్చిపోయి పొట్టమీద దింపినవాళ్లున్నారు. వేగం కిలోమీటర్లలో కాదు, మైళ్లలో. రేడియోలో మాట్లాడాల్సింది ఇంగ్లిషు. ఆ మాటలు వంటబట్టాలని, రేడియో, దిక్సూచి బిగించిన మూడు చక్రాల సైకిళ్లు ఇచ్చి మైదానంలో తొక్కించారు. యుద్ధంలో ఆరితేరినవాడు ట్రైసైకిల్ తొక్కుతుంటే అతని మొహం ఎలా ఉంటుందో ఊహించావా? నవ్వూ వస్తుంది, కడుపులో కలుక్కుమనీ అంటుంది. 'దేశం గుర్తొచ్చి కన్నీళ్లు ఉబికాయి' అని నాలుగుసార్లు రాశావు. అవి కొట్టేసి, థ్రాటిల్ దగ్గర తప్పటడుగు వేసిన ఆ చెయ్యి చూపించు.

నీ హీరోకి వారంవారం అమ్మ దగ్గర్నుంచి ఉత్తరాలు తెప్పించావు. జర్మన్ల చేతిలో ఉన్న ఊరి నుంచి లండన్‌కి అలా తిన్నగా పోస్టు రాదు తల్లీ. ఇంట్లోవాళ్లకి హాని జరుగుతుందన్న టెన్షన్‌తో కొందరు పత్రికల్లో అసలు పేరే రానిచ్చేవారు కాదు. ఊరంతా మెచ్చుకునే వీరుడు, పేరు చెప్పుకోలేడు. ఉత్తరం తీసేస్తే నీకు దొరికేది ఇది.

303వ స్క్వాడ్రన్ పైలట్ మిరోస్లావ్ ఫెరిచ్ గురించి చదువు. 1939 సెప్టెంబర్ నుంచి డైరీ రాశాడు, తోటివాళ్ల చేత కూడా బలవంతంగా రాయించేవాడు. 1942 ఫిబ్రవరి 14న లండన్ దగ్గరి నార్తోల్ట్ విమాన స్థావరం మీద అతని స్పిట్‌ఫైర్ విమానం గాల్లోనే విరిగిపోయింది. ఇరవయ్యారేళ్లవాడు. డైరీ ఆగలేదు, స్నేహితులు అందుకుని రాశారు. నాకైతే మొత్తం యుద్ధంలో ఆ చేతిరాత మారిన పేజీ కంటే గట్టి సన్నివేశం కనపడదు.

ముందుమాటలో హైదరాబాద్‌కి ముడిపెట్టావు. అబద్ధం కాదు. హైదరాబాద్ స్టేట్ పేరు పెట్టుకున్న 253వ స్క్వాడ్రన్‌లో 1940లో పోలిష్ పైలట్లు ఉన్నారు. అయినా ముందుమాటలో వద్దు, మనకి గొప్ప చెప్పుకోవడానికి తప్ప పనికిరాదు. పుస్తకం లోపల ఎక్కడో, నోరు తిరగని ఆ ఊరి పేరు పలకడానికి ఒకడు తంటాలు పడుతుంటే చాలు.

చివరి మాట ముగింపు గురించి. 1940లో బ్రిటన్ ఆకాశంలో వచ్చిన గెలుపుతో ముగిస్తానన్నావు. వద్దు. 1945 జులైలో బ్రిటన్ వార్సాలోని కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని గుర్తించింది, లండన్‌లోని పోలండ్ ప్రవాస ప్రభుత్వాన్ని వదిలేసింది. 1946 జూన్ 8న లండన్‌లో విజయోత్సవ కవాతు. బ్రిటన్‌తో భుజం కలిపి పోరాడిన పోలిష్ సైన్యానికి పిలుపు లేదు, పాతిక మంది పైలట్లను మాత్రం రమ్మన్నారు. మిగతావాళ్లు లేకుండా మేం రామన్నారు వాళ్లు. తిరిగి వెళ్లినవాళ్ల సంగతి? పోలిష్ పైలట్ స్కాల్స్కి 1947లో వెళ్లాడు. మరుసటి ఏడాది అరెస్టు, ఆ తర్వాత మరణశిక్ష. అది రద్దయి, 1956లో బయటికొచ్చాడు. అంత పేరున్న పైలట్‌కే ఆ గతి పట్టింది.

నీ కుర్రాడు ఆ జూన్ 8న ఎక్కడున్నాడో ముందు తేల్చుకో. కవాతు దారిలో నిలబడ్డాడా, కిటికీ వేసుకుని గదిలో ఉన్నాడా, ఏ ఫ్యాక్టరీలో షిఫ్టు చేస్తున్నాడో. అది తేలాక మొదటి పేజీ మళ్లీ రాసి పంపు. ఈసారి అక్షరాలు పెద్దవిగా ప్రింట్ తీయించు. శుక్లం ఆపరేషన్ అయ్యాక కూడా ఎడమ కన్ను మొరాయిస్తూనే ఉంది.

ఉంటాను.