రోజుకెన్ని పేజీలని అడక్కండి

ప్రశ్న: మాది బరంపురం. పాప ఇక్కడి భంజవిహార్‌లో, అంటే బరంపురం యూనివర్సిటీలో, వృక్షశాస్త్రం పీహెచ్‌డీ, రెండో ఏడు. జేఆర్‌ఎఫ్ అనే నెలవారీ ఫెలోషిప్ వస్తోంది. మహేంద్రగిరి కొండ మొక్కల మీద పని. రాత్రి రెండింటిదాకా లాప్‌టాప్ ముందే ఉంటుంది. పొద్దున్న ఎన్ని పేజీలయ్యాయంటే ఏమీ రాయలేదంటుంది. హైదరాబాదులో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు మేలని చుట్టాలంటున్నారు. మాన్పించి పంపమంటారా?

జవాబు: మీరు కోర్సు గురించి అడిగారు గానీ, మీ బెంగ అది కాదు. ఈ చదువు అసలు తెములుతుందా అన్నది. తెములుతుంది. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022లో చెప్పిన ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ఆడపిల్లలకు అవసరమైతే ఇంకో రెండేళ్లు సడలింపు ఉంది. ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు ఇప్పుడొస్తోంది. మూడో ఏట ఆమె పని చూసే కమిటీ సరేనంటే 42,000 అవుతుంది, మొత్తం మీద అయిదేళ్లు వస్తుంది. రెండో ఏడులోనే కంగారెందుకు?

అసలామె ఏం చేస్తోందో చూడండి. వానల్లో కొండెక్కి తెచ్చిన కొమ్మల్ని పాత పేపర్ల మధ్య పరిచి ప్రెస్‌లో బిగించాలి. చెమ్మ ఆరేదాకా రోజూ పేపర్లు మార్చాలి, లేదంటే బూజు పడుతుంది. ఎండితే పువ్వు రంగు పోతుంది కాబట్టి రంగు, మొక్క ఎత్తు, దొరికిన చోటు ఆ రోజే నోటుబుక్కులోకి ఎక్కాలి. తర్వాత లెన్సు కింద కేసరాలు లెక్కపెట్టి పేరు తేల్చాలి. మహేంద్రగిరి ఉన్న పాత గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోది గనక ఒడిశా పుస్తకాలతోపాటు ఆ పాత మద్రాసు గ్రంథాలూ తిరగెయ్యాలి. ఒక్క మొక్కకు ఒక పూట పోవచ్చు. థీసిస్‌లో దానికి దక్కేది ఒక్క లైను.

అయితే రాత్రి రెండింటి అలవాటు మంచిది కాదు. పొద్దున్నే, ఫోను పక్కగదిలో పెట్టి, 45 నిమిషాలు రాయమనండి. ఆ సేపు దిద్దుబాట్లు వద్దు. ఉపోద్ఘాతంతో మొదలుపెట్టినవాళ్లు చాలామంది అక్కడే చిక్కుకుంటారు. పని చేసిన పద్ధతి గురించిన అధ్యాయం ముందు రాయాలి, అది చేసిన పనే కదా. చదివిన ప్రతి పరిశోధన వ్యాసాన్నీ మూసేసి, అయిదు లైన్లు సొంత మాటల్లో, పేజీ నంబరుతో రాసుకోవాలి. కాపీ చేసి అతికించుకుంటే ఏది తన వాక్యమో ఏడాది తర్వాత తనకే తెలీదు. వేరేవాళ్ల రాతలతో పోలిక పది శాతం దాటితే థీసిస్ వెనక్కొస్తుంది. నెలకు పది పేజీలైనా గైడుకు ఇచ్చి, ఎప్పటికి చూస్తారో తేదీ అడగాలి. లాప్‌టాప్ సంచిలోనే పెన్‌డ్రైవ్ పెట్టుకుంటే అది బ్యాకప్ కాదు, రైల్లో సంచి పోతే రెండూ పోతాయి.

ఇక ఆ కోర్సు. ఇలాంటి చాలా చోట్ల అందరిచేతా అవే రెడీమేడ్ డేటాలతో అవే ప్రాజెక్టులు చేయిస్తారు. ఇంటర్వ్యూలో స్టాటిస్టిక్స్ అడిగితే నోరు పెగలదు. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అని నోటితో అంటారు, కాగితం మీద ‘సహాయం’ అని ఉంటుంది. ఫీజు వాయిదాల్లో అంటే చాలాసార్లు మీ పేరనో పాప పేరనో అప్పే, మధ్యలో మానేసినా కట్టాల్సిందే. ఏ గుట్టలో ఏ జాతులు ఎన్నున్నాయో లెక్క తేల్చడానికి పాపకు ఎలాగూ ఆర్ అనే ప్రోగ్రామ్ కావాలి, అది ఉచితం. సొంత డేటా మీద నేర్చుకున్నది రేపు ఏ ఉద్యోగానికైనా పనికొస్తుంది.

ఇంకోమాట, కోపం తెచ్చుకోకండి. రోజూ పొద్దున్నే పేజీలు లెక్కడిగేది మీరు. అందరూ పడుకున్నాక కూర్చుంటే అడిగేవాళ్లుండరని ఆ పిల్లకి తెలుసు. చుట్టాలొస్తే టీ పెట్టడానికి, ఇచ్ఛాపురంలో పెళ్లికి వెళ్లడానికి ‘ఇంట్లోనే ఉందిగా’ అని పాపనే లేపుతుంటే మాత్రం, ఆఫీసుకెళ్లే కొడుకునైతే ఇలాగే లేపుతారా?

నిజంగా చూడాల్సింది సెమిస్టరుకోసారి కమిటీ ముందు ఆమె ఇచ్చే ప్రజెంటేషన్. బాగాలేదని వరసగా రాస్తున్నారా, గైడు నెలల తరబడి పలకడం లేదా, లేక తనకే ఇష్టం పోయిందా, కూర్చోబెట్టి అడగండి. ఇష్టం పోతే మానేయడం తప్పేం కాదు, ఎమ్మెస్సీ ఎక్కడికీ పోదు. ఈ వానాకాలం సేకరణ అయ్యేదాకా మాత్రం ఆ కోర్సువాళ్లకు అడ్వాన్సు కట్టకండి.