ఇంటి నుంచి ఉద్యోగం చేసే కొత్తవారికి: రోజుకు ముందుగా గట్టు వేసుకోండి

షికాగో శివార్లలో స్థిరపడి పదిహేనేళ్లు దాటినందువల్ల, అరోరా, నేపర్‌విల్, షాంబర్గ్ వైపు కొత్తగా వచ్చే తెలుగువారు ఇల్లు అద్దెకు తీసుకోవడం గురించీ కారు కొనడం గురించీ నన్ను అడుగుతూ ఉంటారు. ఈమధ్య వాటికి మరొక ప్రశ్న తోడైంది. "ఉద్యోగం పూర్తిగా ఇంటి నుంచే. పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే వరకు పనిలోనే ఉన్నట్టుంటుంది, కాని సాయంత్రానికి ఏమి పూర్తయిందో చెప్పలేకపోతున్నాను" అంటారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో అందరూ ఇళ్లలోనే ఉండాలన్న ఉత్తర్వు 2020 మార్చి 21న అమలులోకి వచ్చింది. ఆ వారం నుంచి నేనూ ఇంటి నుంచే పని చేస్తున్నాను. గట్టు తెగిన మడిలో ఎంత నీరు పెట్టినా నిలవదు. హద్దు లేని రోజు కూడా అంతే, ఎన్ని గంటలు పోసినా జారిపోతుంది. ఆ గట్టు వేసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది కనుక, మీకు అంతకాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఆఫీసుకు వెళ్లే వీలు ఏ మాత్రం ఉన్నా, మొదటి ఏడాది వారానికి రెండు మూడు రోజులైనా వెళ్లండి. శివార్లను నగరంతో కలిపే మెట్రా రైలులో రానూపోనూ రెండు గంటలు పోతాయని చాలామంది వెనుకాడతారు. మేనేజరుతో విభేదించవలసి వస్తే ఇక్కడివారు ఏ మాటతో మొదలుపెడతారో, ఏ విషయం సమావేశంలో మాట్లాడాలో, ఏది విడిగా అడగాలో, ఆరోగ్య బీమా పథకాలలో కుటుంబం ఉన్నవారు దేనిని ఎంచుకుంటారో నాకు తెలిసింది ఆ రైలు దిగి వెళ్లిన చోటనే, పక్క కుర్చీలోని సహోద్యోగుల వల్లనే. 2020లో ఇంటికి వచ్చి కూర్చున్నప్పుడు నా పని సాఫీగా సాగిందంటే, అంతకుముందు పదేళ్లకు పైగా నన్ను చూసినవారు తెర అవతల ఉండటమే కారణం. మీకు ఆ పరిచయాలు ఇంకా ఏర్పడలేదు. ఆఫీసు వేరే రాష్ట్రంలో ఉండి అసలు వెళ్లే అవకాశమే లేకపోతే, మూడు నెలలకొకసారి నాలుగు రోజులు అక్కడికి వచ్చి పని చేస్తానని మీరే అడగండి. ఆ ఖర్చు భరించడానికి కొన్ని సంస్థలు ఒప్పుకుంటాయి.

హెచ్‌-1బి వీసా మీద ఉన్నవారికి ఇంటి చిరునామా కూడా ఉద్యోగంలో భాగమే. మీరు పని చేసే చోటు, అంటే మీ అపార్ట్‌మెంటు, సంస్థ కార్మిక శాఖకు సమర్పించే లేబర్ కండిషన్ అప్లికేషన్ పరిధిలోకి రావాలి. అదే మహానగర ప్రాంతంలో ఇల్లు మారితే సాధారణంగా సంస్థ ఇమిగ్రేషన్ శాఖలో కొత్త హెచ్‌-1బి పిటిషన్ వేయనక్కరలేదు గాని, ఆ అప్లికేషన్ నోటీసు కొత్త చోట పది రోజులు ప్రదర్శించవలసి ఉంటుంది. అందుకే సంస్థవారు కాగితాలు పంపి ఇంట్లో రెండు చోట్ల అంటించమంటే ఆశ్చర్యపోకండి. అద్దె కలిసివస్తుందని డల్లాస్‌లోని బావగారింటికి మకాం మార్చి అక్కడి నుంచి లాగిన్ కావడం మాత్రం అలాంటిది కాదు. మహానగర ప్రాంతం మారితే సవరించిన పిటిషన్ ముందుగానే దాఖలు చేయాలని 2015లో సిమియో సొల్యూషన్స్ కేసులో ఇమిగ్రేషన్ అప్పీళ్ల విభాగం స్పష్టం చేసింది. ఎక్కడికి మారినా పది రోజుల లోపల ఇమిగ్రేషన్ శాఖకు కొత్త చిరునామా తెలియజేయాలి. భారతదేశానికి వెళ్లినప్పుడు రెండు వారాలు అక్కడి నుంచే పని చేద్దామనుకునేవారు కూడా, టికెట్టు కొనకముందే సంస్థ అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవాలి. లాప్‌టాప్ దేశం దాటితే పన్నుల లెక్కా సమాచార భద్రత నియమాలూ రెండూ మారవచ్చు.

ఇక గడియారం సంగతి. మనవారిలో ఎక్కువమందికి రోజు చెదిరిపోయేది ఇక్కడే. వేసవిలో హైదరాబాదు మనకంటే పదిన్నర గంటలు ముందుంటుంది, చలికాలంలో పదకొండున్నర గంటలు. ఇక్కడ ఉదయం ఎనిమిది అంటే అక్కడ వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు అక్కడ వేసవిలో ఉదయం ఎనిమిది, చలికాలంలో తొమ్మిది. ఆఫీసుకు వెళ్లే రోజులలో ఈ రెండు కొసలలో ఒకదానిని ప్రయాణమే కాపాడేది, ఎనిమిదికి రైలులో ఉన్న మనిషిని ఎవరూ కాల్‌లోకి రమ్మనరు. ఇంట్లో ఉండేసరికి రెండు కొసలూ తెరుచుకున్నాయి. ఉదయం ఏడింటికి మొదలై, నడుమ ఇక్కడి పనంతా చేసి, రాత్రి తొమ్మిదిన్నరకు హైదరాబాదులోని ఆఫ్‌షోర్ బృందంతో మళ్లీ కూర్చుని పదకొండున్నరకు లేచేవాడిని. మా అమ్మ గుంటూరులో పొద్దున పూజ ముగించుకుని, కాఫీ తాగి, తీరికగా ఫోన్ చేసే వేళ కూడా సరిగ్గా అదే. దాదాపు రెండేళ్లపాటు ఆమె ఫోన్ చేసిన ప్రతిసారీ "కాల్‌లో ఉన్నానమ్మా" అన్న ఒక్క మాటే వినిపించాను. ఇంట్లోనే ఉన్నవాడు అమ్మతో మాట్లాడలేకపోవడం ఏమిటని ఆమె ఏనాడూ అడగలేదు. అడగకపోవడమే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆ తర్వాత మేనేజరుతో మాట్లాడి, హైదరాబాదు బృందంతో కూడా మాట్లాడి ఒక పద్ధతి పెట్టుకున్నాము. రోజూ అందరం కలిసి మాట్లాడేది ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య. రాత్రి కాల్ మంగళవారం, గురువారం మాత్రమే ఉంటుంది, అదీ పది గంటలకు ముగుస్తుంది. మిగిలిన రోజులలో సాయంత్రం అయిదు లోపల నేను ఒక నోటు రాసిపెడతాను. ఈ రోజు ఏమి పూర్తయింది, ఎక్కడ ఆగింది, వాళ్లు మొదట దేనిని చూడాలి, ఏ నిర్ణయం నా కోసం ఆపకుండా వాళ్లే తీసుకోవచ్చు అన్న వివరాలు అందులో ఉంటాయి. అది రాయడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, రెండు గంటల రాత్రి కాల్‌ను తప్పిస్తుంది. ఇలా అడిగితే పని ఇష్టం లేదనుకుంటారేమోనని కొత్తవారు భయపడతారు. "రాత్రి రాలేను" అని మాత్రమే చెబితే అలా అనుకునే అవకాశం ఉంది కనుక, కాల్ బదులు ఏమి ఇస్తారో కూడా ఆ మాటతో పాటే చెప్పండి. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు మారతాయి, అక్కడ మారవు. చలికాలంలో పెరిగే ఆ గంట భారం అంతా హైదరాబాదు వారి మీదే పడకుండా, మేము నవంబరు నుంచి అరగంట ముందుగా మొదలుపెడతాము. వాళ్లకూ ఇళ్లున్నాయి, భోజనం దగ్గర ఎదురుచూసే పిల్లలున్నారు.

అపార్ట్‌మెంటులో చోటు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వంటగది, హాలు కలిసే ఉంటాయి కనుక తాలింపు పొగకు స్మోక్ అలారం మోగితే మీ సమావేశంలో అందరికీ వినబడుతుంది. కాల్స్ ఉన్న వేళకు ముందే వంట ముగించుకోవడం మంచిది. భోజనాల బల్ల కుర్చీలో ఏడాదిపాటు కూర్చుంటే నడుము పట్టేస్తుంది, మంచి కుర్చీ ఒకటి మొదటి రెండు జీతాలలోనే కొనుక్కోండి. ఉద్యోగానికి తప్పనిసరి అయిన ఖర్చులను సంస్థ తిరిగి చెల్లించాలని ఇల్లినాయ్ చట్టంలో 2019 నుంచి ఉంది. సాధారణంగా ఖర్చయిన 30 రోజుల లోపల రసీదుతో అడగాలి, సంస్థ అనుమతి ముందుగా తీసుకుంటే పేచీ ఉండదు. ఆదాయపు పన్నులో మాత్రం జీతగాళ్లకు 2018 నుంచి ఇంటి ఆఫీసు మినహాయింపు లేదు, ఉందని చెప్పే మిత్రుల మాట నమ్మి ఫారమ్ నింపకండి. నలుగురు కలిసి రెండు పడకగదుల ఇంట్లో ఉంటూ నలుగురూ కాల్స్‌లో ఉండేవారికి నేను చెప్పేది ఊరి గ్రంథాలయం గురించి. కార్డు ఉచితం, నిశ్శబ్దంగా ఉండే చిన్న గదులను ముందుగా రిజర్వు చేసుకోవచ్చు, వేసవిలో ఏసీ, చలికాలంలో వెచ్చదనం రెండూ ఉంటాయి.

భార్యాభర్తలలో ఒకరు హెచ్‌-4 వీసా మీద ఉన్న ఇళ్ల గురించి కొంచెం ఆగి చెప్పాలి. గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 (ఉద్యోగి కోసం సంస్థ వేసే పిటిషన్) ఆమోదం వంటి దశ దాటిన హెచ్‌-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాములకు మాత్రమే 2015 నుంచి పని అనుమతి ఇస్తున్నారు, కొత్తగా వచ్చినవారిలో చాలామందికి అది ఇంకా ఉండదు. మీరు తలుపు మూసుకుని పని చేసే ఆ తొమ్మిది గంటలూ ఆ తలుపు అవతల ఉన్న మనిషికి మాట్లాడే తోడు లేదు, కారు నడపడం రాదు, బహుశా భారతదేశంలో తానూ ఉద్యోగం చేసి వచ్చిన మనిషే. ఒకే ఇంట్లో రోజంతా ఉంటూ ఎదురుపడినప్పుడల్లా "ఇప్పుడు కాదు" అనిపించుకోవడం, ఆఫీసుకు వెళ్లిన మనిషి కోసం ఎదురుచూడటం కంటే కష్టమని మా ఇంట్లో నాకు ఆలస్యంగా తెలిసింది. మధ్యాహ్న భోజనం నలభై అయిదు నిమిషాలు, ఫోను పక్క గదిలో వదిలేసి, ఇద్దరూ కలిసి చేయండి. క్యాలెండరులో ఆ సమయాన్ని సమావేశంలాగే గుర్తు పెట్టండి. డ్రైవింగ్ నేర్పించడాన్ని వాయిదా వేయకండి.

ఊరి నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకు వచ్చినప్పుడు ఇబ్బంది మరొక రకంగా ఉంటుంది. "ఇంట్లోనే ఉన్నావుగా, ఒక్కసారి ఇలా రా" అని పిలుస్తారు, వాళ్ల దృష్టిలో అది న్యాయమే. విసుక్కోకుండా, వచ్చిన మొదటి రోజే తలుపు మూసి ఉంటే ఏమిటో, తెరిచి ఉంటే ఏమిటో చూపించండి. పదకొండుకూ మూడుకూ వాళ్లతో టీ తాగడానికి లేస్తానని చెప్పి, చెప్పినట్టు లేవండి. మీరు వస్తారన్న నమ్మకం కుదిరితే వాళ్లు మధ్యలో పిలవరు.

పని కనబడటం గురించి కొత్తవారిలో ఒక అపోహ ఉంది. ఆఫీసు చాట్‌లో పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతూ ఉంటే చాలునని కొందరు మౌసు దానంతటదే కదిలే పరికరాలు కొంటున్నారు. సంస్థలు వాటిని గుర్తిస్తున్నాయి, ఉద్యోగాలు తీసేస్తున్నాయి. హెచ్‌-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోయిన తర్వాత గరిష్ఠంగా 60 రోజుల గడువు మాత్రమే ఉంటుంది. ఇంట్లో ఎవరూ చూడరని రెండో ఉద్యోగం ఒప్పుకోవడం అంతకంటే పెద్ద తప్పు, వేరొక సంస్థ పిటిషన్ లేకుండా దాని పని చేస్తే వీసా స్థితినే పోగొట్టుకుంటారు. నిజంగా కనబడాలంటే నెల మొదట్లో మేనేజరును "ఈ నెలలో నేను పూర్తి చేయవలసిన మూడు పనులు ఏవి?" అని అడిగి, ప్రతి శుక్రవారం వాటి గురించి అయిదారు వాక్యాలు రాసి పంపండి. సమావేశంలో చివరి వరకు మౌనంగా ఉంటే ఇక్కడ దానిని వినయం అనుకోరు, అభిప్రాయం లేదనుకుంటారు. మొదటి పది నిమిషాలలోనే ఒక ప్రశ్న అయినా అడగండి.

చివరిగా చలికాలం. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగుంపావు దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. పని ముగించుకుని నడుద్దామనుకుంటే అప్పటికే చీకటి. ఇంటి నుంచి పని చేసిన నా మొదటి చలికాలంలో తొమ్మిది రోజులు వరుసగా గుమ్మం దాటలేదని, తపాలా పెట్టె నిండిపోయినప్పుడు గాని నేను గమనించలేదు. ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఎంత చలి ఉన్నా, అరగంట నడుస్తాను. మరీ మంచు తుఫాను ఉంటే మా ఊరి పార్కులను నడిపే పార్క్ డిస్ట్రిక్ట్ వారి వ్యాయామశాలకు వెళ్తాను. వారాంతంలో అరోరా బాలాజీ గుడిలోనో లెమాంట్ రామాలయంలోనో రెండు గంటలు సేవకు పేరు ఇచ్చుకుంటే, పని గురించి ఎవరూ అడగని నాలుగు తెలుగు మాటలు దొరుకుతాయి. మందపు కోటు, మంచులో జారని బూట్లు అక్టోబరులోనే కొనుక్కోండి, జనవరి వచ్చేసరికి మీ కొలతవి దుకాణాలలో మిగలకపోవచ్చు.