ఒక్క వాక్యంలో దాటేసిన పదేళ్లు

పడమటి మాంబళం,
చెన్నై.

అమ్మాయీ,

నీ కాగితాల కట్ట అందింది. అరవై నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. "బాబాయిగారూ, మొహమాటం లేకుండా చెప్పండి" అన్నావు కాబట్టి చెబుతున్నాను. మీ తాతయ్య కథని ఆయన జన్మనక్షత్రంతో మొదలుపెట్టావు. నిరాడంబరుడనీ, మాట తప్పని మనిషనీ ఆరుచోట్ల రాశావు. లెక్కపెట్టానులే. నువ్వు చెప్పావు కదా అని నమ్మాను, కానీ మనిషి మాత్రం కళ్లకి కట్టలేదు.

కట్టింది నలభై ఒకటో పేజీలో. సినిమా కంపెనీ వ్యాన్ తీసుకుని తెల్లవారుజామున నాలుగింటికి వడపళనిలో బయల్దేరి, కోడంబాకం సందులన్నీ తిరిగి చిన్న వేషాలవాళ్లని ఎక్కించుకునేవాడనీ, వాళ్లకోసం కొన్న ఇడ్లీ పొట్లాలు ఆరిపోకుండా తన సీటు పక్కన ఇంజన్ మూత మీద పెట్టేవాడనీ రాశావు చూడు, అక్కడ. చదువుతుంటే నాకే ఆకలేసింది. పేజీ తిప్పితే ఒకే ఒక్క వాక్యం: "పరిశ్రమ హైదరాబాద్ తరలిపోయినా తాతయ్య ఇక్కడే ఉండిపోయారు." ఆ తర్వాత మీ అమ్మ పెళ్లి. మధ్యలో పదేళ్లేమయ్యాయమ్మా? నాలుగింటికి లేచే అలవాటున్న మనిషి, వ్యాన్ లేనిరోజున నాలుగింటికి లేచి ఏం చేశాడు?

నిన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నా మొదటి పుస్తకం మా నాన్న మీదే. ఆయన ఇక్కడ ఒక తెలుగు ప్రెస్సులో కంపోజిటర్. కేసు అనే అరల పెట్టెలోంచి సీసం అచ్చులు ఏరి స్టిక్కు అనే చిన్న పళ్లెంలో పేర్చేవాడు, తలకిందుల అక్షరాల్ని మనం పేపర్ చదివినంత తేలిగ్గా చదివేవాడు. ఎంత రుద్దుకున్నా గోళ్ల అంచుల్లో సీసం నలుపు పోయేది కాదు. ఇవన్నీ రాశాను, బాగానే రాశాననుకున్నాను. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని నాలుగు రోజులు చదివి, పుస్తకం మూసి, "ప్రెస్సు మూతపడ్డ ఆ ఎనిమిది నెలలూ ఏవిరా?" అంది. ఆ ఎనిమిది నెలల సంగతి నాకు తెలియనే తెలియదు. నాన్న రోజూ టిఫిన్ క్యారియర్ తీసుకుని టైముకి బయల్దేరేవాడట, ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీలో కూర్చుని సాయంత్రానికి వచ్చేవాడట. "నీకెలా తెలిసింది?" అన్నాను. "గోళ్లు తెల్లబడ్డాయి కదా" అంది. పుస్తకం అప్పటికే అచ్చయిపోయింది. అదీ నా సంగతి.

ఇక నువ్వడిగిన పుస్తకాలు. అన్నీ చదవమనను. చదివినవాటిలో మాత్రం, రాసినవాళ్లు ఎక్కడ నిదానించారో ఎక్కడ గబగబా దాటేశారో గుర్తుపెట్టుకుంటూ చదువు.

ముందు టంగుటూరి ప్రకాశంగారి 'నా జీవిత యాత్ర'. నా కాపీ మూర్ మార్కెట్‌లో కొన్నది, 1985లో అది తగలబడకముందు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు ఇదే ఊళ్లో పోలీసు తుపాకులకి ఆయన ఎదురు నిలబడ్డ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. నేను చదవమనేది అది కాదు. తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు పెట్టి పిల్లల్ని సాకింది. అప్పట్లో ఆ పనిని జనం గౌరవంగా చూసేవాళ్లు కాదు. బారిస్టరై, ముఖ్యమంత్రి పదవి కూడా చేసిన మనిషి, అమ్మ అన్నం అమ్మి తనని పెంచిందని దాచుకోకుండా రాసుకున్నాడు. చిన్నప్పటి తిరుగుళ్లూ నాటకాల పిచ్చీ కూడా దాచలేదు. నాలుగో భాగం మాత్రం ఆయన రాసింది కాదు, తెన్నేటి విశ్వనాథంగారు పూర్తిచేశారు. మొదటి భాగం ఒక్కటి చదివినా చాలు. రాజకీయంలోకి దిగాక పేర్లు ఎక్కువైపోతాయి, నీకు ఓపిక ఉండదు.

తర్వాత కొండపల్లి కోటేశ్వరమ్మగారి 'నిర్జన వారధి'. 2012లో వచ్చింది, అప్పటికి ఆవిడకి తొంభై దాటాయి. చిన్న పుస్తకం. బాల్యవితంతువు, మళ్లీ పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం, భర్త దూరమవడం. కొడుకూ కూతురూ ఆవిడ బతికుండగానే పోయారు. ఇంకొకరైతే ఇందులో ఒక్కో సంగతికి వంద పేజీలు ఏడుస్తారు. ఆవిడ గొంతు పెంచదు. నేనిది రైల్లో మొదలుపెట్టి, మధ్యలో మూసేసి, గూడూరు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మీ తాతయ్య ఎంత గొప్పవాడో నువ్వు ఆరుసార్లు చెప్పావే, ఆవిడ తన కష్టం గురించి అలా ఎన్నిసార్లు చెప్పుకుందో వెతికి చూడు.

ముళ్లపూడి వెంకటరమణగారి 'కోతి కొమ్మచ్చి' నీకు ఎలాగూ నచ్చుతుంది. మద్రాసు, సినిమాలు, బాపు, ఆకలి, అప్పులు, అన్నిట్లోనూ నవ్వే. పేరుకి తగ్గట్టు ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మ మీదికి గెంతుతూ పోతాడు, ఏ ఏడాది ఏది జరిగిందో వరసగా చెప్పడు. హాయిగా చదువుకో, కానీ ఆ పద్ధతి నువ్వు పట్టుకోకు. అలా గెంతాలంటే ముందు చెట్టంతా తెలిసుండాలి. భానుమతిగారి 'నాలో నేను' కూడా ఆ రోజుల మద్రాసు కోసమే చూడు. వ్యాన్‌లో వెనకసీట్లో కూర్చున్నవాళ్ల లోకం నువ్వు రాస్తున్నావు, ఆవిడది స్టూడియో యజమానురాలి లోకం. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నీకు పని జరుగుతుంది.

'కాశీయాత్ర చరిత్ర' పేరు విన్నావా? ఏనుగుల వీరాస్వామయ్యగారు ఇంగ్లీషువాళ్ల కాలంలో ఇక్కడున్న సుప్రీం కోర్టులో దుబాసీ, అంటే ఒకరి భాష ఇంకొకరికి మార్చి చెప్పేవాడు. 1830 మే 18న రాత్రి పరివారంతో చెన్నపట్నం నుంచి బయల్దేరాడు. పదిహేను నెలల పైచిలుకు తిరిగాడు. తొలి మజిలీల్లో ఒకటి ఏదనుకున్నావు? మాధవరం! నువ్వు నెల్లూరు బస్సెక్కే మాధవరమే. ఇది యాత్రే గాని ఆత్మకథ కాదంటారు పండితులు. అననీ. ఏ ఊళ్లో నీళ్లు బాగున్నాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, దారి గులకా ఇసకా, ఇవన్నీ రాసుకుంటూ పోయాడు. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత ఆ మనిషి స్వభావం నాకు ఆ నీళ్ల లెక్కల్లోంచే తెలుస్తోంది. భాష పాతది, మొదట తడబడతావు. రోజుకి రెండు మజిలీలు చదువు. ఇదీ ప్రకాశంగారి పుస్తకమూ తెలుగు వికీసోర్స్‌లో ఉన్నాయి, డబ్బులు పెట్టక్కర్లేదు.

ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం అయినదానివి కాబట్టి నీకు మాత్రమే ఉన్న సౌకర్యం ఒకటుంది. పాత తమిళ కావ్యాల్ని వెతికి అచ్చువేయించిన ఉ.వే. సామినాథయ్యర్ గారి ఆత్మకథ 'ఎన్ చరిత్రం' నువ్వు మూలంలోనే చదవగలవు. మెరీనాలో ప్రెసిడెన్సీ కాలేజీ ముందు విగ్రహంగా నిలబడ్డాయన. ఆ ఆత్మకథ 1940 నుంచి 'ఆనంద వికటన్' పత్రికలో వారం వారం వచ్చింది. 1942లో ఆయన పోవడంతో అక్కడికి ఆగిపోయింది. తన గురువు మీనాక్షిసుందరం పిళ్లైగారి జీవితం విడిగా ఇంకో పుస్తకం రాశాడు. పెద్దవాళ్ల గురించి రాసేటప్పుడు చేతులు కట్టుకు నిలబడి రాయాల్సిన పనిలేదని నీకు అక్కడ తెలుస్తుంది.

ఇంకొక్కటి: వై.బి. సత్యనారాయణగారి 'మా నాయన బాలయ్య'. ముందు ఇంగ్లీషులో రాసినది, తెలుగులోకి వచ్చింది. రైల్వేలో చిన్న ఉద్యోగం చేస్తూ పిల్లల్ని చదివించిన ఒక దళిత తండ్రి గురించి కొడుకు రాసిన పుస్తకం. నీ పనికి అన్నిటికంటే దగ్గరిది ఇదే. క్వార్టర్లు, డ్యూటీలు, బదిలీలు, వీటి వెంటే ఆ ఇంటి చరిత్రంతా నడుస్తుంది. మీ తాతయ్యకి ఆ వ్యాన్ ఎలాగో ఆయనకి రైలు అలాగ.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' ఎందుకు చెప్పలేదని మీ నాన్న అడుగుతాడు, నాకు తెలుసు. తెలుగు వాక్యం ఎలా నడవాలో నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ ఇప్పుడే చదివావంటే ఆరు నెలలపాటు నీ పేజీల్లో గోదావరి జిల్లా మాటలు దొర్లుతాయి, వడపళని వినిపించదు. నాకు అలాగే అయింది. నీ పుస్తకం చిత్తుప్రతి అయ్యాక చదువు.

పెద్ద పెద్ద నాయకుల ఆత్మకథలు ఇంకా చాలా ఉన్నాయి. వాటి జోలికి ఇప్పుడు పోకు. చాలావాటిలో ఎవరు ఏ సభకి అధ్యక్షత వహించారో తప్ప, ఆ పూట ఇంట్లో ఏం వండారో ఉండదు.

'నిర్జన వారధి' నా కాపీ ఈ కట్టతోనే పంపుతున్నాను. మార్జిన్‌లో పెన్సిల్ గీతలు మా అమ్మవి, చెరపకు. వచ్చే నెల పొట్టి శ్రీరాములు స్మారక భవనంలో సభకి వస్తావు కదా, అప్పుడు తిరిగివ్వు. ఈలోపల ఒక మధ్యాహ్నం మీ అమ్మమ్మ దగ్గర కూర్చో. రికార్డర్ పెట్టకు, ఆవిడకి టెన్షన్ వస్తుంది. తాతయ్య ఎలాంటివాడు అని అడగకు, నువ్వు ఆరుసార్లు రాసిందే ఆవిడా చెబుతుంది. వ్యాన్ ఏ రంగు, ఎవరు కొనుక్కున్నారు, తాళం ఇచ్చేసి వచ్చిన రోజు ఇంటికి ఎలా వచ్చాడు, బస్సులోనా నడిచా, వచ్చి అన్నం తిన్నాడా, ఇవి అడుగు. ఏం చెప్పిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
బాబాయి