నార్మండీకి ఒక్క రోజే ఉంటే

జూన్ 6న నాన్నగారితో పారిస్ నుంచి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి, రెండో ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాల సైన్యం దిగిన ఐదు బీచ్‌లూ కుదురుతాయా అని అడిగారు కదా. కుదరవండి, ఆ ఆశ వదిలేయండి. ఆ తీరం దాదాపు 80 కిలోమీటర్లు. పైగా ఆ 1944 దండయాత్ర వార్షికోత్సవం కాబట్టి ఆ రోజు ట్రాఫిక్ ఆంక్షలు, జనం. పెద్దాయనతో ఆ టెన్షన్ ఎందుకు? తేదీని ఓ వారం అటో ఇటో జరపండి.

పారిస్‌లోని సాన్ లజార్ స్టేషన్‌లో పొద్దున్నే నార్మండీలోని బాయూ పట్టణానికి రైలెక్కితే రెండు గంటల పైచిలుకు. అక్కడి నుంచి టాక్సీయో, ముందే బుక్ చేసుకున్న టూరో మేలు, బస్సుల్ని నమ్ముకోవద్దు.

ముందు కాల్‌విల్‌లోని అమెరికన్ శ్మశానవాటిక. ఆ ఐదింటిలో ఒకటైన ఒమాహా బీచ్‌ను ఆనుకున్న గుట్ట మీదే, 9,300కు పైగా సమాధులు, ప్రవేశం ఉచితం. బంధువులు వస్తే అక్కడి సిబ్బంది తెల్లరాతిపై చెక్కిన పేరులో ఒమాహా ఇసుక రుద్దుతారు, ఫొటోలో అక్షరాలు కనబడాలని. తర్వాత అరొమాంష్ అనే తీరపు ఊరు. తాత్కాలిక ఓడరేవు కోసం బ్రిటిష్‌వాళ్లు తెచ్చి ముంచిన కాంక్రీటు పెట్టెలు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. ఆటుపోట్ల వేళలు చూసుకుని, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు వెళ్లండి. టైముంటే బాయూలోని బ్రిటిష్ శ్మశానం. జర్మన్ సైనికుల సమాధులూ అక్కడే ఉన్నాయి.