తెట్టు కింది బురదను చదువు

చిరంజీవి లహరికి, పెద్దమ్మ ఆశీస్సులు.

హోకన్ మోస్బీ అనే సముద్రగర్భ మట్టి అగ్నిపర్వతపు నమూనాల మీద పని నీకు దక్కిందని తెలిసి పొంగిపోయాను. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బురద పైన పరుచుకుని కనిపించే తెల్లని సూక్ష్మజీవుల తెట్టును గోకి, డీఎన్‌ఏ చదివించి, అక్కడి జీవసమాజం ఇదేనని రాయకు.

బారెంట్స్ సముద్రంలో సుమారు 1,250 మీటర్ల లోతున, సున్నా డిగ్రీల కన్నా చల్లని నీటి అడుగున ఉన్న ఆ తెలుపు, గంధకపు రేణువులు నింపుకున్న బెగియాటోవా అనే బాక్టీరియా పోగులది. వాటికి తిండి హైడ్రోజన్ సల్ఫైడ్. దాన్ని వండేవాళ్లు కింది బురదలో ఉన్నారు: ఆక్సిజన్ లేకుండానే మీథేన్‌ను తినే ఆర్కియా (బాక్టీరియాలా కనిపించినా వేరే కోవకు చెందిన ఏకకణ జీవులు), వాటిని అంటిపెట్టుకుని సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మార్చే బాక్టీరియా. ఇలాంటి జంటను ఒరెగాన్ తీరానికి ఆవల హైడ్రేట్ రిడ్జ్ బురదలో ఆంట్యే బోయెట్సియస్ బృందం 2000లో చూపింది. హోకన్ మోస్బీ తెట్టు కింద మాత్రం ఏఎన్‌ఎంఈ-3 అనే వేరే ఆర్కియా శాఖ ఉందని 2006లో తేలింది. మట్టి ఎగదన్నే నడిమధ్యకు వెళ్తే అదీ కాదు, అక్కడ ఆక్సిజన్‌తో మీథేన్ తినే బాక్టీరియాదే పైచేయి. ఒకే మట్టి అగ్నిపర్వతంలో ఇంత తేడా!

అందుకే బురదను పొరలు చెదరకుండా తీసే కోర్ గొట్టం పైకి రాగానే చల్లగదిలో పెట్టి పొరపొరగా కోయించు, తెట్టును విడిగా తీయించు. పక్క గొట్టంలోనే సల్ఫేట్, సల్ఫైడ్ కొలిపించు. ఆ కొలతలు లేని జన్యువుల జాబితా నా దృష్టిలో సగం పనే. ఆర్‌ఎన్‌ఏ కావాలంటే కోసిన వెంటనే గడ్డకట్టించాలి, ఆలస్యం అసలు పనికిరాదు.

ప్రైమర్లు, అంటే కావలసిన జన్యువును పట్టి ప్రతులు తీయడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, ఎంచుకునేటప్పుడు అవి ఆర్కియాను పట్టుకుంటాయో లేదో ముందే సరిచూసుకో. మీథేన్ తినే ఆర్కియా కోసం మీథేన్‌ను విడగొట్టే ఎంజైముకు సంబంధించిన ఎంసీఆర్‌ఏ జన్యువును విడిగా వెతుకు. నమూనా వేయని ఖాళీ గొట్టాన్నీ మిగతావాటితో పాటే సీక్వెన్సింగ్‌కు (డీఎన్‌ఏ చదివించడానికి) పంపు. బురద తక్కువైనప్పుడు రసాయనాల్లోని డీఎన్‌ఏనే సముద్రపు డీఎన్‌ఏలా కనిపిస్తుంది.

చల్లని బురదలో చచ్చిన కణాల డీఎన్‌ఏ చాలాకాలం నిలుస్తుంది. పెద్ద గంధక బాక్టీరియాలో ఒక్క కణంలోనే జన్యుపదార్థం అనేక ప్రతులుగా ఉండవచ్చు. కాబట్టి సీక్వెన్సుల సంఖ్యను కణాల సంఖ్యగా చదవకు. ఎంచుకున్న జీవులకే అంటుకుని మెరిసే ఫ్లోరసెంట్ ప్రోబులతో సూక్ష్మదర్శినిలో చూసి లెక్కపెట్టు.

మన కృష్ణా-గోదావరి బేసిన్ అడుగునా మీథేన్ హైడ్రేట్లు (మీథేన్‌ను బంధించిన మంచులాంటి గడ్డలు) ఉన్నాయి, 2006 తవ్వకాల్లో మందంగా దొరికాయి. ఆ బురదతో పోల్చే రోజు నీకు రావాలని నా కోరిక. అందుకని లోతు, ఉష్ణోగ్రత, కోసిన పొర మందం ప్రతి సీసా మీదా రాయించు.

ముందు కొలతల పట్టిక పంపు, సీక్వెన్సులు తర్వాత చూద్దాం.

మీ పెద్దమ్మ