ఐక్యూ 83 వచ్చిందట... మా బాబు మొద్దేనా డాక్టర్ గారూ?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. రెండో తరగతి దాకా ఊళ్లోనే తెలుగు మీడియంలో చదివాడు. నిరుడు మిర్యాలగూడకి వచ్చి కిరాణా కొట్టు పెట్టుకున్నాం. బాబుని ఇంగ్లిష్ మీడియం స్కూల్లో మూడో తరగతిలో వేశాం. పాఠాలు అందుకోవడం లేదని, పిలిస్తే పలకడం లేదని టీచర్లు అంటుంటే ఐక్యూ టెస్టు చేయించాం. 83 వచ్చింది. బార్డర్‌లైన్ అట, ఇంకో ఏడాది అదే తరగతిలో ఉంచుతామంటున్నారు. ఇంట్లో మాత్రం చురుగ్గానే ఉంటాడు. కొట్లో కూర్చుంటే చిల్లర తప్పు పోకుండా ఇస్తాడు. వాళ్ల నాన్న ఇప్పుడు ప్రతిదానికీ ‘మొద్దు’ అంటున్నారు. వేలిముద్రలు చూసి మెదడు శక్తి చెప్తామని ఒకాయన ఎనిమిది వేలు అడుగుతున్నాడు. చేయించమంటారా? జ్ఞాపకశక్తికి టానిక్ ఏదైనా రాస్తారా? రిపోర్టు ఫొటో జత చేశాను.
- ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, మీరు రాసిన వివరాలూ రిపోర్టూ చూశాక ధైర్యంగా చెప్పగలిగిన మాట ముందు చెప్తాను. ఇది బుద్ధిమాంద్యం కాదు. బుద్ధిమాంద్యం అనాలంటే ఐక్యూ 70 దగ్గర గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలి. దానితోపాటు స్నానం, తిండి, డబ్బు లెక్క, నలుగురితో మెలగడం వంటి రోజువారీ పనుల్లో కూడా వయసుకు తగ్గట్టు లేకపోవాలి. కొట్లో చిల్లర ఇచ్చే పిల్లాడు ఆ లెక్కలోకి రాడు. వాళ్ల నాన్నగారికి ఈ పేరా చదివి వినిపించండి.

ఇక ఆ 83. ఈ పరీక్షల్లో 100ని సగటుగా పెట్టుకుంటారు. వందమంది పిల్లలుంటే దాదాపు 68 మంది 85కీ 115కీ మధ్య ఉంటారు, ఓ పదముగ్గురు 83 కంటే కింద ఉంటారు. అంటే నలభై మంది ఉన్న ఏ మామూలు తరగతిలోనైనా అయిదుగురు. కొన్ని పట్టికలు 83ని బార్డర్‌లైన్ అంటాయి, కొన్ని సగటుకు కాస్త దిగువ అంటాయి. పైగా ఇలాంటి పరీక్షల్లో అయిదారు మార్కులు అటూ ఇటూ కావడం మామూలే. ఈ పేర్ల కోసం బెంగపడొద్దు.

అసలు సంగతి రిపోర్టు రెండో పేజీలో ఉంది. మీకు ఎవరూ దాన్ని చదివి చెప్పినట్టు లేదు. బాబుకి చేసిన పరీక్షను మా వాళ్లు మిసిక్ అంటారు. డేవిడ్ వెష్లర్ 1949లో అమెరికాలో పిల్లల కోసం తెచ్చిన పరీక్షను మాలిన్ అనే సైకాలజిస్టు మన దేశానికి తగ్గట్టు మలిచారు. దాని మాన్యువల్ 1969 నాటిది. ఇందులో మాటలతో జవాబు చెప్పే భాగం ఒకటి, ముక్కలు పేర్చడం, బొమ్మలో లోపం కనిపెట్టడం లాంటి చేతి పనుల భాగం ఒకటి ఉంటాయి. మీ బాబుకి మాటల భాగంలో 72, చేతల భాగంలో 94 వచ్చాయి. రెండూ కలిపి సగం చేస్తే 83. ఇంత తేడా ఉన్నప్పుడు ఆ సగటు అంకె మీ బాబు సంగతి ఏమీ చెప్పదు. 94 అంటే చక్కటి సగటు ఆలోచన. మరి మాటల్లో 72 ఎందుకు వచ్చింది? మనం వెతకాల్సింది దాని కారణాన్నే.

రిపోర్టు అడుగున ‘టెస్టు భాష: ఇంగ్లిష్’ అని చిన్న అక్షరాల్లో ఉంది. తెలుగులో పుట్టి పెరిగి, ఏడాది కిందటే ఇంగ్లిష్ బడిలో చేరిన పిల్లాడిని ఇంగ్లిష్‌లో అర్థాలు అడిగారు! నాకు ఇది బాధ కలిగించింది. నా దగ్గరికి వచ్చిన ఓ పాప ఇలాగే ఒక పదం అర్థం అడిగితే తల వంచుకుని గౌను అంచు మెలితిప్పుతూ కూర్చుంది. అదే మాట తెలుగులో అడిగేసరికి వాళ్ల తాత చేతిలో అది ఎలా ఉంటుందో, ఎప్పుడు వాడతాడో లేచి నిలబడి చూపించింది. ఇంకో బాబు ఎరుపు తెలుపు దిమ్మెలు పేరుస్తూ గడువు దాటిన అర నిమిషానికి సరిగ్గా కట్టేశాడు. నిబంధన ప్రకారం వాడికి సున్నాయే. కానీ అనుభవం ఉన్న సైకాలజిస్టు ఆ అర నిమిషం సంగతి రిపోర్టులో రాస్తారు. మీ రిపోర్టులో అలాంటి పరిశీలన ఒక్క వాక్యం కూడా లేదు.

అయినా భాష ఒక్కటే కారణమని తేల్చేయను. మీ ఉత్తరంలో నా చూపు నిలిచింది ‘పిలిస్తే పలకడం లేదు’ అన్న మాట దగ్గర. బాబు నోరు తెరిచి నిద్రపోతాడా? గురక పెడతాడా? టీవీ సౌండు పెంచుతాడా? తరచూ జలుబు చేసే పిల్లల్లో ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే మెత్తటి కండ వాచి, కర్ణభేరి వెనక జిగట నీరు చేరుతుంది. చెవి నొప్పి ఉండకపోవచ్చు, చీము కారదు, అందుకే ఇంట్లో పసిగట్టలేరు. మీరు దగ్గర కూర్చుని మాట్లాడితే వింటాడు, కొట్లో ఎదురుగా నిలబడ్డవాళ్ల మాట వింటాడు, నలభై మంది సందడిలో వెనక బెంచీ నుంచి టీచర్ మాట మాత్రం సగమే వినిపిస్తుంది. కొత్త భాషలో ఆ సగం మాటలతో ఏం నేర్చుకుంటాడు? ఈ వారమే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించి ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేయించండి. కళ్ల పరీక్ష, హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చేయించండి. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11.5 కంటే తగ్గితే రక్తహీనతే, అది శ్రద్ధను దెబ్బతీస్తుంది. ఇంకోటి, మాట మధ్యలో కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, మళ్లీ ఏమీ జరగనట్టు మామూలైపోతుంటే ఫోన్లో వీడియో తీసి పిల్లల డాక్టర్‌కి చూపించండి. అది ఒక రకం ఫిట్స్ కావచ్చు, మందులతో అదుపులోకి వస్తుంది.

రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చి పైకి చదవమనండి. గడగడా చదివితే చదవడంలో సమస్య ఇంగ్లిష్‌దే. తెలుగులోనూ గుణింతాల దగ్గర తడబడి, చూసి రాయడంలో అక్షరాలు తప్పుతుంటే డిస్లెక్సియా, అంటే చదవడం రాయడంలో వచ్చే ఇబ్బంది కోసం పరీక్ష చేయించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం అలాంటి అభ్యసన లోపాలను కూడా గుర్తించింది. పిల్లల ఎదుగుదల లోపాలు చూసే ప్రభుత్వ డీఈఐసీ కేంద్రాల్లో సేవలు ఉచితం, జిల్లా ఆసుపత్రిలో అడగండి.

ఈ పరీక్షలు ఎందుకు పుట్టాయో కూడా చెప్పాలి. 1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం బడిలో వెనకబడే పిల్లల కోసం ఒక సంఘం వేసింది. అందులో సభ్యుడైన సైకాలజిస్టు ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ అనే డాక్టర్‌తో కలిసి 1905లో మొదటి పరీక్ష తయారు చేశాడు. ఎవరికి అదనంగా చెప్పాలో తెలుసుకోవడమే దాని ఉద్దేశం. తెలివి పుట్టుకతో వచ్చి అలాగే ఉండిపోతుందనే మాటను ఆయన ఒప్పుకోలేదు. తర్వాతి పరిశోధనలు రెండు వైపులా చెప్తాయి. స్కాట్లాండ్‌లో 1932లో పదకొండేళ్ల పిల్లలు 87 వేల మందికి పైగా ఒకేరోజు పరీక్ష రాశారు. వాళ్లలో కొందరికి ముసలితనంలో అదే పరీక్ష పెడితే, ఎవరు ముందు ఎవరు వెనక అన్న వరసలు చాలావరకు నిలిచే ఉన్నాయి. కాబట్టి ఈ పరీక్ష ఉత్తదని నేను అనను. కానీ 2018లో ఆరు లక్షల మందికి పైగా వివరాలు కలిపి చూసిన విశ్లేషణలో, బడిలో గడిపిన ప్రతి అదనపు ఏడాదీ ఐక్యూని ఒకటి నుంచి అయిదు మార్కుల దాకా పెంచుతుందని తేలింది. చదువు చెప్పేకొద్దీ ఆ అంకె కదులుతుందమ్మా.

తరగతిలో ఆపే విషయానికి వస్తే, విద్యాహక్కు చట్టం ప్రకారం మూడో తరగతిలో పిల్లల్ని ఆపకూడదు. 2019 సవరణ తర్వాత కూడా అయిదు, ఎనిమిది తరగతులకే ఆ అవకాశం ఉంది. స్కూలువాళ్లతో గొడవ పడకుండా, ముందు వరుసలో కూర్చోబెట్టమనీ, మౌఖికంగా చెప్పిన జవాబులకూ మార్కులు ఇవ్వమనీ అడగండి. ఐక్యూ పరీక్ష వెంటనే మళ్లీ చేయించొద్దు. ప్రశ్నలు గుర్తుండి అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. ఏడాది ఆగి, తెలుగులో అడిగే క్లినికల్ సైకాలజిస్టు దగ్గర చేయించండి.

వేలిముద్రల టెస్టుకి శాస్త్రీయ ఆధారం లేదు. ఆ ఎనిమిది వేలలో చెవి, కన్ను, రక్తం పరీక్షలన్నీ అయిపోయి ఇంకా మిగులుతాయి. జ్ఞాపకశక్తి టానిక్ నేను రాయను. రక్తం తక్కువ ఉందని తేలితే ఐరన్ రాస్తారు, అది మందు. కూరల్లో దొడ్డుప్పు వాడుతుంటే మానేసి కొట్లో అమ్మే అయోడైజ్డ్ ఉప్పు వాడండి.

కొట్టు మాత్రం మాన్పించొద్దు. సాయంత్రం ఓ అరగంట చిట్టీ మీద సరుకుల పేర్లు ముందు తెలుగులో, పక్కన ఇంగ్లిష్‌లో వాడి చేతే రాయించండి. లెక్క కూడా వాడినే కూడమనండి. ఆడియోమెట్రీ రిపోర్టు చేతికి రాగానే నాకు పంపండి.