అమ్మడూ, ముందు కుర్చీ లాక్కుని కూర్చో, మాటలు తర్వాత

అమ్మడూ,

నిన్న నువ్వు పెట్టిన నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా. హెచ్4 వీసా మీద (మొగుడి ఉద్యోగాన్ని బట్టి వచ్చేది) ఇంట్లో కూర్చుని కూర్చుని పిచ్చెక్కుతోందని ఆస్పత్రిలో వాలంటీర్‌గా చేరావు, తీరా చూస్తే నిన్ను యూదు పేషెంట్లని పలకరించే టీంలో వేశారు, ఆ రబ్బీ గారు (వాళ్ళ మతగురువు) బికుర్ హోలిం బికుర్ హోలిం అంటుంటే నాకేం అర్థం కాలేదత్తా అన్నావు. ఈలోపు మీ నాన్న ఫోను, దానికి వాళ్ళ మతం గురించి ఏం తెలుసు, వద్దని నువ్వైనా చెప్పు అని. నేను చెప్పనన్నా. బ్రూక్లిన్‌లో ఇరవై ఏడేళ్ళు నర్సుగా చేసి, రిటైరయ్యాక తొమ్మిదేళ్ళుగా ఈ పని మీదే తిరుగుతున్నదాన్ని నేనే వద్దంటే ఎట్లా. కాకపోతే నేను చేసిన తప్పులు నువ్వూ చెయ్యకుండా ఉంటావని రాస్తున్నా, పొడుగైపోద్దేమో, వంట చేసుకుంటూ విడతలుగా చదువుకో.

బికుర్ హోలిం అంటే రోగుల్ని చూడబోవడం, అంతే. మనవాళ్ళు ఫలానా వాళ్ళింటికి పలకరింపుకెళ్ళొచ్చాం అంటారే, అదే. మనకది మర్యాద, వాళ్ళకది మిత్స్వా, అంటే దేవుడు చెయ్యమన్న పని, ఇవాళ తీరిక లేదు అనడానికి లేదు. ఎప్పుడెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎవరి దగ్గరికి వెళ్ళకూడదు, అన్నీ తాల్ముద్ అనే వాళ్ళ పాత ధర్మగ్రంథంలో నెదారిం అనే భాగంలో వందల ఏళ్ళ కిందటే మాట్లాడుకుని పెట్టారు. అందులో ఒకాయన అంటాడు, రోగిని చూడ్డానికెళ్ళినవాడు ఆ బాధలో అరవయ్యో వంతు తీసుకుపోతాడని. వెంటనే పక్కనున్నవాళ్ళు, అయితే అరవై మందిని ఒకేసారి పంపిస్తే లేచి కూర్చుంటాడా అంటారు (మన చిన్నబాబాయి లాంటివాళ్ళు అన్ని కాలాల్లోనూ ఉన్నారు). కాదు, ఒక్కొక్కళ్ళు తీసుకునేది అప్పటికి మిగిలినదాంట్లో అరవయ్యో వంతు అని జవాబు. నువ్వు లెక్కల్లో గట్టిదానివి కదా వేసి చూడు, అరవై మంది వెళ్ళొచ్చినా మూడోవంతు కంటే ఎక్కువే మిగులుద్ది, సున్నా ఎప్పటికీ రాదు. నాకు ఈ లెక్క చెప్పిన రోజు ప్రాణం తేలికపడింది. నువ్వు నయం చెయ్యడానికి వెళ్ళట్లేదు. అరవయ్యో వంతు. దాని గురించే ఆలోచించు.

ముందు కూర్చోవడం గురించి. తలుపు తట్టు, పేరు చెప్పు, లోపలికి రావచ్చా అని అడుగు, వద్దంటే నవ్వి సరేనండీ అని వచ్చెయ్. మొహం మాడ్చుకోకు. ఆస్పత్రిలో వాళ్ళు సూదొద్దు అనలేరు, స్కానింగొద్దు అనలేరు, వద్దు అని చెప్పగలిగేది మన ఒక్కళ్ళకే, ఆ మాత్రం చెప్పుకోనీ. రమ్మంటే కుర్చీ లాక్కుని కూర్చో. మంచం మీద కూర్చోకు, మంచం పక్కన నిలబడి పైనించి చూస్తూ మాట్లాడకు. రోగి తలవైపు షెఖినా, అంటే దేవుడి సన్నిధి, నిలిచి ఉంటుందని వాళ్ళ నమ్మకం, అందుకే ఆ మనిషి కంటే ఎత్తులో కూర్చోకూడదంటారు. నీకు నమ్మకం ఉన్నా లేకపోయినా పొద్దున్నించి వచ్చిన ప్రతివాడూ నిలబడే మాట్లాడి వెళ్ళుంటాడు, నువ్వొక్కదానివి కళ్ళకి కళ్ళు సమానంగా కూర్చుంటే చాలు మొహం మారిపోద్ది, నేను చూశా. పది నిమిషాలు, మహా అయితే పావుగంట. తెల్లారి మొదటి మూడు గంటలూ, పొద్దుగూకే ముందు మూడు గంటలూ వెళ్ళొద్దని కూడా ఉంది, పొద్దున్నే మనిషి తేలిగ్గా కనపడితే ఏం లేదులే అనుకుంటామని, సాయంత్రం బరువుగా కనపడితే ఆశ వదిలేసుకుంటామని. కడుపు చెడినవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు, వాళ్ళకి సిగ్గు. తలనొప్పితో ఉన్నవాళ్ళ దగ్గరికీ వద్దు, మాట్లాడ్డమే నరకం. అలాంటప్పుడు బయటే నర్సునడిగి ఏమన్నా కావాలేమో కనుక్కుని వచ్చెయ్. ఫోన్ చేస్తే సరిపోదా అంటావేమో, రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ అని న్యూయార్క్‌లోనే ఉండేవాడు పెద్దాయన, ఫోన్‌తో కొంత తీరుద్ది గానీ మనిషి వెళ్ళినట్టు కాదన్నాడు.

ఇక నోటి సంగతి. మనకో జబ్బుంది, ఎవరన్నా మంచాన పడితే చాలు, అంతా మన మంచికేనమ్మా, దేవుడు పరీక్షిస్తున్నాడమ్మా, మా ఆడపడుచుకీ ఇదే వచ్చింది ఇప్పుడు గుండ్రాయిలా ఉంది అని మొదలెడతాం. చెయ్యకు. తాల్ముద్‌లోనే రబ్బీ యోహనన్ అని ఒకాయన జబ్బుపడ్డ స్నేహితుణ్ణి చూడ్డానికెళ్ళి, ఈ బాధలు నీకిష్టమేనా అని అడుగుతాడు. అవీ వద్దు, వాటివల్ల వచ్చే పుణ్యమూ వద్దు అంటాడు ఆ రోగి. మందలించలేదు, వేదాంతం చెప్పలేదు, సరే చెయ్యి ఇలా ఇవ్వు అని లేపి కూర్చోబెట్టాడు. తర్వాత అదే యోహనన్ జబ్బుపడితే ఇంకొకాయన వచ్చి ఆయన్ని లేపాల్సొచ్చింది. అదేంటి, తనని తాను లేపుకోలేడా అంటే, జైల్లో ఉన్నవాడు తన తాళం తాను తీసుకోలేడు అని జవాబు. ఇది నీకు కూడా వర్తిస్తుంది, మనసు బాగోని రోజు వెళ్ళకు, ఇంకోళ్ళని పంపమను.

అయితే చెయ్యి ఇవ్వు అన్నాడు కదా అని ఎవరికి పడితే వాళ్ళకి చెయ్యి చాపకు. బాగా నిష్ఠగా ఉండే మగవాళ్ళు పరాయి ఆడదాని చెయ్యి తాకరు, ఆయన మొహమాటపడతాడు నువ్వు నొచ్చుకుంటావు, మన నమస్కారం ఎందుకుంది, అదే పెట్టు, నేనదే పెడతా, ఎవ్వరూ తప్పుగా అనుకోలేదు ఇప్పటిదాకా.

ఇప్పుడు నా తప్పు చెప్తా. నర్సుగా చేరిన కొత్తలో, చేతి మీద నంబరున్న ఒక ముసలావిడ మా వార్డులో ఉండేది. హిట్లర్ కాలంలో యూదుల్ని ఆకలికి మాడ్చి చంపిన ఔష్విట్జ్ క్యాంపులో పొడిచిన పచ్చ. పక్క సర్దుతుంటే దిండు కింద పేపర్ నాప్‌కిన్‌లో చుట్టిన బ్రెడ్ రోల్ దొరికింది, గట్టిపడిపోయి. పొద్దున ట్రేలోది. చీమలొస్తాయి, శుభ్రం ముఖ్యం అనుకుని డస్ట్‌బిన్‌లో పడేశా. ఆవిడ అరవలేదు. దిండు కిందకి చెయ్యి పోనిచ్చి అటూ ఇటూ వెతికింది, మళ్ళీ వెతికింది, తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది, నా షిఫ్ట్ అయ్యేదాకా నావైపు తిరగలేదు. సాయంత్రం రబ్బీ వచ్చాడు, ఆస్పత్రి చాప్లెయిన్, అంటే రోగులకి ధైర్యం చెప్పే మతగురువు, చేతిలో జిప్ కవర్‌లో రెండు రోల్స్. ఒక్క మాట లేకుండా దిండు కింద పెట్టాడు. కారిడార్‌లో నన్నాపి, అమ్మా ఆ రొట్టె తినడానికి కాదు, ఉండడానికి, అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది 1945లో, కాబట్టి ఆనాటివాళ్ళు ఇంకా ఉన్నారంటే ఎనభై దాటినవాళ్ళే, నీక్కూడా ఒకళ్ళో ఇద్దరో తగులుతారు. గదిలో ఏ వస్తువూ అడక్కుండా కదపకు, పదండి స్నానం చేయిద్దాం, తలుపేస్తా లాంటి మాటలు నీ నోటి నుంచి రాకూడదు (ఆ క్యాంపుల్లో స్నానమని చెప్పే గ్యాస్ గదుల్లోకి తోసి తలుపులేశారు), అవి నర్సులు చూసుకుంటారు, వాళ్ళకి ట్రైనింగ్ ఉంటుంది.

అట్లాగని చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. రబ్బీ అకీవా అని పెద్ద గురువు, ఆయన శిష్యుడొకడు జబ్బు పడితే ఎవరూ చూడబోలేదట, ఈయన వెళ్ళాడు, వెళ్ళి ఆ ఇల్లు ఊడిపించి నీళ్ళు చల్లించాడు. కుర్రాడు లేచి, నన్ను బతికించారు అన్నాడు. చదివినప్పుడు నాకు మా అమ్మ వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లడమే కళ్ళముందు కదిలింది. కాబట్టి పనులు చెయ్యి, కళ్ళజోడు తుడిచివ్వడం, చార్జర్ గుచ్చడం, నీళ్ళ గ్లాసు చెయ్యందే చోట పెట్టడం (నీళ్ళు తాగచ్చో లేదో నర్సునడిగి).

శుక్రవారం మధ్యాహ్నం అయితే మరీ ముఖ్యం. పొద్దుగూకితే షబ్బాత్, అంటే వాళ్ళ విశ్రాంతి దినం, మొదలు, శనివారం చీకటి పడేదాకా నిష్ఠగా ఉండేవాళ్ళు స్విచ్ నొక్కరు, ఫోన్ ముట్టరు, సంతకం పెట్టరు. ప్రాణం మీదకొస్తే మాత్రం అన్నీ మానేసి ప్రాణమే చూడాలి, ఆ నియమం వాళ్ళ మతంలోనే ఉంది, కాబట్టి నర్సు బటన్ నొక్కాలా వద్దా అని ఎవరన్నా తటపటాయిస్తే రబ్బీని పిలిపించు, నువ్వు వాదించకు. లైట్ తగ్గించాలా పెంచాలా ముందే అడిగి పెట్టేసి రా. ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కొవ్వొత్తి వెలిగించనివ్వరు, బ్యాటరీ కొవ్వొత్తులిస్తారు. శనివారం వెళ్ళావనుకో, ఒక్కోసారి నీతో ఈ లైట్ తీసెయ్ అని నేరుగా అనరు, గదిలో వెలుతురెక్కువగా ఉంది కదూ అంటారు. మన అత్తగార్లు కాఫీ కావాలని అడక్కుండా తలనొప్పిగా ఉందే అనడం లేదా, అట్లాగే, అర్థం చేసుకుని నువ్వే లేచి తీసెయ్.

తిండి దగ్గర నేను చేసిన వెధవ పని ఇంకోటి. ఒక పెద్దాయన పోతే వాళ్ళింటికి షివాకి వెళ్ళా, ఏడు రోజులు ఇంట్లోవాళ్ళు కదలకుండా కూర్చుంటారు పొట్టి పొట్టి పీటల్లాంటి కుర్చీల మీద, అద్దాలకి గుడ్డలు కప్పుతారు. నేను పూలగుత్తి పట్టుకుని, డబ్బా నిండా పులిహోర చేసుకుని వెళ్ళి బెల్లు కొట్టా. ఒక్కటీ కుదర్లేదు. తలుపు తీసే ఉంటుంది, దుఃఖంలో ఉన్నవాళ్ళని లేపి తలుపు తీయించకూడదని, నెమ్మదిగా లోపలికెళ్ళి కూర్చోవడమే. పూలు తీసుకెళ్ళరు. మన వంటింట్లో చేసింది ఎంత శాకాహారమైనా కోషర్, అంటే వాళ్ళ మత నియమాలకి సరిపోయే తిండి, కాదు. పాపం ఆ కూతురు డబ్బా తీసుకుని థాంక్యూ అంది, అది ఎవరూ తినలేదని నాకు తెలుసు. కాబట్టి కొయ్యని పళ్ళు, లేకపోతే గుండ్రంలో యూ అక్షరం ముద్ర ఉన్న సీల్డ్ ప్యాకెట్, అంతే. ఓయూ అంటే మనకి ఉస్మానియా, వాళ్ళకి కోషర్. షివాలో వాళ్ళు నోరు విప్పేదాకా నువ్వు విప్పకు. వచ్చేటప్పుడు చావింట్లో మనం వెళ్ళొస్తా అనం కదా, వాళ్ళకీ అలాంటి పట్టింపులు చాలా ఉన్నాయి, వెళ్ళేవాళ్ళు హీబ్రూలో ఒక ఓదార్పు మాట చెప్పి లేస్తారు, నీకు రాకపోతే తల వంచి వచ్చెయ్ చాలు.

ప్రార్థన గురించి గట్టిగా చెప్తున్నా. మనది చర్చి కుటుంబం, మంచం కనపడితే చెయ్యి వేసి యేసు నామంలో అని మొదలెట్టడం మనకి ఊపిరి లాంటిది. ఆ గదిలో అది నోట్లోకి రానివ్వకు. వాళ్ళ తాతలు ఆ పేరు చెప్పినవాళ్ళ చేతుల్లో ఏం పడ్డారో చరిత్ర నిండా ఉంది, మంచాన పడి లేవలేని మనిషి ముందు అది ప్రేమగా వినపడదు. ప్రార్థన కావాలంటే పేరు రాసుకుని రబ్బీకివ్వు. వాళ్ళు స్వస్థత ప్రార్థనలో రోగి పేరుతో పాటు తల్లి పేరు చెప్తారు, గుళ్ళో అర్చనకి గోత్రం అడిగినట్టు. నువ్వు అడగాల్సింది, మీ అమ్మగారి పేరేంటండీ అని. ఒక తొంభై ఏళ్ళాయన్ని అడిగితే చాలాసేపు చెప్పలేదు, మర్చిపోయాడేమో అనుకున్నా, తర్వాత చెప్పాడు, చెప్పి, ఆ పేరు బయటికి అని ఎన్నేళ్ళయిందో అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు ఇద్దరం.

బైబిల్లో కీర్తనలు మాత్రం మనవీ, వాళ్ళవీ. ఆ తొంభై ఏళ్ళాయనే ఒకరోజు, నీది ఏ ఊరు అంటే తెనాలి దగ్గరన్నా, మా పక్కన చేబ్రోలు మండలంలో కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తెలుగు మాట్లాడే యూదులున్నారండీ అంటే నమ్మడే, ఫోన్‌లో చూపించా. అప్పుడు 121వ కీర్తన మీ భాషలో చదువు అన్నాడు, అడిగాడు కాబట్టి చదివా, కళ్ళు మూసుకుని విన్నాడు, ఆయన పెదాలు హీబ్రూలో కదులుతూనే ఉన్నాయి, నేను ముందు అయిపోగొట్టేసి ఆయన కోసం ఆగా.

నువ్వు చాప్లెయిన్‌వి కాదని మర్చిపోకు. వాళ్ళ ట్రైనింగ్‌లో ఒక్క యూనిటే 400 గంటలు, అలాంటివి నాలుగు చెయ్యాలి సర్టిఫికెట్‌కి. బతకాలని లేదు అన్నా, నొప్పి తట్టుకోలేకపోతున్నా అన్నా అదే నిమిషంలో నర్సుకి చెప్పు. అద్దె కట్టలేకపోతున్నా అంటే పర్సు తియ్యకు, సోషల్ వర్కర్‌కి చెప్పు. న్యూయార్క్‌లో 1892 నుంచి వడ్డీ లేకుండా అప్పిచ్చే యూదుల సంఘం ఉంది, హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ అని, అలాంటి దారులు వాళ్ళకి తెలుస్తాయి. వడ్డీ లేకుండా అప్పంటే మీ నాన్న నమ్మడు, చెప్పకు.

గురువారం ఆస్పత్రికెళ్ళేటప్పుడు మెత్తటి చెప్పులేసుకో, సెంటు కొట్టుకోకు, ఫోన్ లాకర్‌లో పెట్టు. ఇంటికొచ్చి ముందు అన్నం తిను, తర్వాత నాకు ఫోన్ చెయ్యి. వాళ్ళెవరో, ఏం రోగమో, ఏం చెప్పారో నాక్కూడా చెప్పకూడదు నువ్వు. కుర్చీ ఎక్కడేసుకున్నావో చెప్పు.

అత్త